కారం శాండ్‌విచ్: నింద మిర్చి మీద, చూడాల్సింది బ్రెడ్డును

మధ్యాహ్నం డబ్బాలో కారంగా శాండ్‌విచ్ తెచ్చుకునేవారికి చుట్టూ ఉన్నవాళ్లు ఉచితంగా సలహాలిస్తుంటారు. వాటిలో చాలావరకు తప్పు.

అపోహ: అన్నం లేనిది భోజనం కాదు.

వాస్తవం: జామ్ రాసిన రెండు బ్రెడ్డు ముక్కలైతే నిజంగానే భోజనం కాదు. అదే బ్రెడ్డు మధ్య ఉడికించిన గుడ్లు రెండు పెడితే దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. గుడ్డు తిననివారికి పనీరో, ఉడికించి మెదిపిన శనగలో ఉన్నాయి. ఉల్లిపాయ, కీరా, క్యారెట్ తురుము చేర్చి, పైన పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి నూరిన చట్నీ పట్టిస్తే ఆ పూటకు లోటుండదు. చట్నీ బదులు మయోనైజ్ వేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. ఒక్క టేబుల్ స్పూన్‌లో సుమారు 90 కేలరీలు, దాదాపు అన్నీ నూనెవే. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది కూడా.

ఎండాకాలంలో గుడ్డు, పనీరు బయట గంటకు మించి ఉంచకూడదు. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే వాటి బదులు వేయించిన పల్లీల పొడి చల్లుకోవడం మేలు.

అపోహ: బ్రౌన్ బ్రెడ్ అంటే గోధుమ బ్రెడ్డే.

వాస్తవం: ఆ రంగు కారమెల్ కలిపినా వస్తుంది. ప్యాకెట్ వెనుక పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదటి పేరు ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అని ఉంటే అది మైదానే. ‘హోల్ వీట్’ మొదట ఉన్నదే కొనండి. శాండ్‌విచ్ వల్ల మేలు జరిగేదీ లేనిదీ ఎక్కువగా ఇక్కడే తేలిపోతుంది.

అపోహ: కారం కొవ్వును కరిగిస్తుంది.

వాస్తవం: మిర్చిలోని క్యాప్సైసిన్ ఒంట్లో వేడిని కాస్త పెంచే మాట నిజమే. ఆ కాస్తతో బరువు తగ్గిపోతామనుకోవడం అత్యాశ.

అపోహ: కారం తింటే కడుపులో పుండ్లు పడతాయి.

వాస్తవం: గుంటూరు మిర్చిని చూసి భయపడేవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఇది. అల్సర్లకు కారం, ఆందోళన కారణమని వైద్యులూ చాలాకాలం నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అసలు దోషిని పట్టుకున్నారు. అది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అల్సర్లకు మరో పెద్ద కారణం విచ్చలవిడిగా మింగే నొప్పి మాత్రలు.

మరి కారం తింటే మండేదెందుకు? వేడి తగిలినప్పుడు స్పందించే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కూడా తట్టి లేపుతుంది. అక్కడ కాలేదేమీ ఉండదు. ఆ మంటకు నీళ్లకన్నా మజ్జిగ బాగా పనిచేస్తుంది. అయితే ఇప్పటికే అల్సర్, ఎసిడిటీ, పేగుల సమస్య ఉన్నవారికి కారం బాధను పెంచవచ్చు. వాళ్లు తగ్గించుకోవాలి.

కడుపులో మంట వారాల తరబడి వదలకపోతే మిర్చి మానేసి ఊరుకోకండి. పైలోరీ ఉందో లేదో పరీక్ష చేయించుకోండి. ఉంటే డాక్టరు రాసిన యాంటీబయాటిక్స్‌ కోర్సు మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడండి.