ఇంటిలో క్రిప్టోనాణెముల గని

గని యన్నంతనే తెలుగువారికి సింగరేణి బొగ్గుగనులో, గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులో తలపునకు వచ్చును. భూమిని త్రవ్వకుండ, పలుగు పార పట్టకుండ, ఇంటిలో ఒక మూల నుంచిన కంప్యూటరుచేత నాణెములు సంపాదింపజేయు పద్ధతి యొకటి ఈ శతాబ్దిలో పుట్టినది. దీనికిని మైనింగు అనియే పేరు. 2017లోను, మరల 2021లోను అనేక దేశములలో జనులు ఆటల కొరకు తయారైన గ్రాఫిక్స్ కార్డులను ఆరేసి, ఎనిమిదేసి కొని, ఒక చట్రమునకు బిగించి ఇండ్లలోనే ఇట్టి గనులను నెలకొల్పిరి. ఆ తాకిడికి దుకాణములలో కార్డులు దొరకుట కష్టమై, ధరలు ముద్రిత ధరను మించిపోయినవి. ఆ యంత్రము చేయు పని యేమి? దానిని కూర్చుటలో ఎచట ప్రమాదమున్నది? అది నిజముగ సంపాదించినదెంత?

క్రిప్టోనాణెము చేత పట్టుకొను వస్తువు కాదు. ఒక చిట్టాలోని పద్దు. ఆ చిట్టా ఏ బ్యాంకు అధీనమునందును లేక, దేశదేశముల కంప్యూటర్లలో ఒకే విధమైన నకళ్ళుగా నుండును. అందు క్రొత్త పుట ఎవరు వ్రాయవలెను? ఇష్టము వచ్చినవారెల్ల వ్రాసినచో మోసమునకు అంతుండదు. అందువలన ఆ హక్కును ఒక లెక్కకు ముడిపెట్టిరి. పుటలోని పద్దులకు చివర ఏదో యొక సంఖ్యను చేర్చి, ఆ మొత్తమును హాష్ అను గణితవిధానములో వేయుదురు. ఎంతటి వ్రాతనైనను అది నిర్ణీతమైన పొడవుగల ఒక సంఖ్యగా మార్చును. చేర్చిన సంఖ్యలో ఒక్క అంకె మారినను ఫలితము గుర్తుపట్టలేనంతగా మారిపోవును. ఫలితము ఒక పరిమితికంటె చిన్నదైనచో ఆ పుట చెల్లును; వ్రాసినవానికి కొన్ని నాణెములు బహుమానముగ వచ్చును. కానిచో మరియొక సంఖ్య, మరల లెక్క. పది పాచికలను ఒక్కమారే వేసి, పదింటను ఒకటే పడువరకు వేయుచుండుట యెట్టిదో ఇదియు నట్టిదే. తెలివికి ఇందు చోటు లేదు. క్షణమునకు ఎన్ని మార్లు వేయగలమన్నదే ముఖ్యము.

బిట్‌కాయిన్ చిట్టా 2009 జనవరి 3న మొదలైనది. తొలుత సామాన్యమైన కంప్యూటర్లే ఈ పని చేసెను. 2010లో గ్రాఫిక్స్ కార్డులు రంగమునకు వచ్చినవి. 2013 నాటికి ఆ ఒక్క లెక్క తప్ప వేరేమియు చేయలేని ప్రత్యేకపు చిప్పులు తయారై, గ్రాఫిక్స్ కార్డులను బిట్‌కాయిన్ పనినుండి వెడలగొట్టినవి. ఇండ్లలోని చట్రములకు మరల ప్రాణము పోసినది 2015 జూలై 30న మొదలైన ఇథీరియమ్ అను మరియొక చిట్టా. ప్రత్యేకపు చిప్పులకు సులభముగ లొంగకుండునట్లు దాని లెక్కను కల్పించిరి. ఆ కల్పన చూడదగినది.

ఇథాష్ అను ఆ విధానములో ప్రతి ప్రయత్నమునకును ఒక పెద్ద పట్టికలో, ముందుగ ఊహింప వీలులేని చోట్లనుండి, 64 మార్లు, మారునకు 128 బైట్ల చొప్పున చదువవలెను. అనగా ఒక్క ప్రయత్నమునకు 8,192 బైట్లు. ఆ పట్టిక మొదట ఒక గిగాబైటు ప్రమాణముండి, క్రమముగ పెరిగి, 2020 డిసెంబరునకు నాలుగు గిగాబైట్లకు చేరెను. ఇంతటి పట్టికను కార్డుమీది మెమరీలోనే యుంచుకొనవలెను గనుక, నాలుగు గిగాబైట్ల కార్డులు కొన్నవారి యంత్రములు ఆనాటితో ఆ పనికి కొఱగానివైనవి.

ఇపుడు చిన్న గుణకారము. అప్పట్లో విరివిగా వాడబడిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 580 అను ఎనిమిది గిగాబైట్ల కార్డు తన మెమరీనుండి సెకనుకు 25,600 కోట్ల బైట్లను చదువగలదు. దీనిని 8,192 చేత భాగింపగా 3 కోట్ల 12 లక్షలు వచ్చును. ఆ కార్డుతో జనులు నిజముగ సాధించిన వేగమును సెకనుకు సుమారు 3 కోట్ల ప్రయత్నములే! అనగా కార్డు నడుమనున్న గణన చిప్పు ఎంత చురుకైనదైనను లాభము లేదు; దానికి 2,304 లెక్కల అంగములున్నను, మెమరీనుండి అంకెలు వచ్చువరకు అవి వేచియుండవలసినదే.

ఈ విషయమును గ్రహించినవారు చిప్పు వేగమును తగ్గించి, దానికిచ్చు వోల్టేజిని గూడ తగ్గించిరి. చిప్పు వినియోగించు శక్తి వోల్టేజి వర్గమునకు అనుపాతములో నుండును. 1.15 వోల్టులనుండి 0.90 వోల్టులకు దించినచో వేగము తగ్గింపకయే శక్తి నూటికి 61 వంతులకు దిగును. 185 వాట్లకు ఏర్పరచిన కార్డు ఇట్లు సుమారు 130 వాట్లతో అదే పని చేసెను. మైనింగు చేయువారి నేర్పు అని చెప్పదగినది ఏదైన నున్నచో అది ఇదియే.

కార్డులను మదర్‌బోర్డుకు కలుపుటలోను ఒక విశేషమున్నది. ఆటకు గ్రాఫిక్స్ కార్డును పదునారు మార్గములుగల పొడవైన గాడిలో అమర్చుదురు. మైనింగులో పట్టిక కార్డులోనే తయారై అచటనే యుండును. మదర్‌బోర్డుతో పోవు రాకపోకలు స్వల్పము. కావున ఒక్క మార్గమున్న చిన్న గాడి చాలును. అందులో రైజర్ అను చిన్న పలకను గ్రుచ్చి, తీగెతో దూరముగ నున్న కార్డుకు కలుపుదురు. ఆ తీగె చూచుటకు యూఎస్‌బీ తీగెయే గాని, యూఎస్‌బీ పద్ధతిలో పని చేయదు. దానిని వట్టి తీగెగానే వాడుకొనిరి. దానిని పొరపాటున నిజమైన యూఎస్‌బీ రంధ్రములో గ్రుచ్చరాదు. 2017లో ఆస్‌రాక్ సంస్థ పదమూడు కార్డులు పట్టు మదర్‌బోర్డును ఈ పనికే విడుదల చేసెను.

ఇంటికి అపాయము తెచ్చునది ఈ రైజర్‌కు విద్యుత్తు నిచ్చు తీగెయే. కార్డు తన గాడినుండి 12 వోల్టుల వద్ద 5.5 యాంపియర్లు, అనగా 66 వాట్లు తీసికొనవచ్చునని నిబంధన కలదు. రైజర్లతో కూడ పలుమార్లు వచ్చిన తీగె సాటా జాతిది. అది హార్డ్ డిస్కులకు ఏర్పరచినది. అందు 12 వోల్టుల సూదులు మూడు, ఒక్కొక్కదానికి 1.5 యాంపియర్లు, మొత్తము 4.5 యాంపియర్లు, 54 వాట్లు. అరువదియారు వాట్లు కోరగలదానికి ఏబది నాలుగు వాట్ల దారి చూపినచో ఏమగును? సూదులు వేడెక్కును, ప్లాస్టిక్కు మెత్తబడి కరగును. ఒక తీగెకు రెండు మూడు రైజర్లు తగిలించినచో చెప్పనక్కరయే లేదు. 75 వాట్లకు ఏర్పరచిన ఆరు సూదుల తీగెను ఒక్కొక్క రైజర్‌కు వేరుగ ఇచ్చుట క్షేమము. చిల్లర అతుకు తీగెలు ఇచట వాడరాదు.

ఇక గోడకు వత్తము. ఆరు కార్డులకు 780 వాట్లు, మదర్‌బోర్డు మొదలైన వానికి 100 వాట్లు. పవర్ సప్లై తొంబది పాళ్ళ సామర్థ్యము గలదైనచో గోడనుండి సుమారు 980 వాట్లు లాగును. 230 వోల్టుల వద్ద ఇది 4.3 యాంపియర్లు. ఆరు యాంపియర్ల సాకెట్టు చాలునుగదా యని తోచవచ్చును. ఇస్త్రీపెట్టె అరగంట వాడి తీసివేయుదుము. ఇది రేయింబవళ్ళు నెలల తరబడి ఆగక నడచును. పాత సాకెట్టులో పట్టు సడలి అర ఓము నిరోధము ఏర్పడినదనుకొన్నచో, ఆ గోరంత చోటనే తొమ్మిది వాట్ల వేడి పుట్టుచుండును. మంచి తీగెతో విడిగ లాగిన పదునారు యాంపియర్ల సాకెట్టు, దానికి తగిన ఎం.సి.బి., లోహపు చట్రమునకు ఎర్తింగు: ఇవి లేక యంత్రమును రాత్రివేళ నడుపుట నిప్పుతో చెలగాటము. చట్రము తెరచియుండును గనుక మన యిండ్లలో బల్లులు, బొద్దింకలు ఆ వెచ్చదనమునకు చేరుట గూడ ఆలోచింపదగినదే.

ఈ 980 వాట్లు ఎచటికి పోవును? నాణెముగ మారవు. దాదాపు అంతయు వేడియే యగును. పది అడుగుల గదిని మూసియుంచి, గోడలు వేడిని పీల్చవనుకొన్నచో, గాలి అర నిమిషమునకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కును. దానిని వెలుపలికి పంపుటకు నిమిషమునకు సుమారు అయిదు ఘనపు మీటర్ల గాలి కావలెను; అపుడును వెలుపలికంటె పది డిగ్రీలు హెచ్చుగనే యుండును. కెనడాలోని క్విబెక్ వంటి చలిసీమలలో ఇది ఇంటిని వెచ్చచేయు కుంపటి. రామగుండములోనో, రెంటచింతలలోనో మే నెలలో వెలుపలి గాలియే 45 డిగ్రీలుండును, అందువలన ఏ.సి. పెట్టి ఆ వేడిని తరిమివేయుటకు మరల ఇంచుమించు 300 వాట్లు ఖర్చుచేయవలెను.

ఏ.సి.ని విడిచినను దినమునకు 23.5 యూనిట్లు, నెలకు 705 యూనిట్లు. యూనిటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున, దినమునకు పదునారు కిలోల బొగ్గు ఏదో యొక విద్యుత్కేంద్రములో మండవలెను. మొదట చెప్పిన సింగరేణి గని ఇచట తిరిగి వచ్చినది! గృహవిద్యుత్తు ధర మెట్లుమెట్లుగా పెరుగును గనుక, ఇంటి వాడుకపై చేరిన ఈ యూనిట్లన్నియు పై మెట్ల ధరకే పడును. యూనిటు 9 రూపాయలనుకొన్నచో దినమునకు 211 రూపాయలు.

సంపాదన యెంత? ఆరు కార్డులు కలసి సెకనుకు 18 కోట్ల ప్రయత్నములు చేయును. 2022 వేసవిలో ప్రపంచములోని ఇథీరియమ్ యంత్రములన్నియు కలసి సెకనుకు ఇంచుమించు పది కోట్ల కోట్లు చేయుచుండెను. ఈ ఇంటి వంతు 55 లక్షలలో ఒకటి. దినమునకు సుమారు 6,500 పుటలు తయారగుచుండెను. అనగా ఒంటరిగ నడపినచో సగటున రెండేండ్ల నాలుగు నెలలకు ఒక్క పుట. అందుచేత వేలాదిమంది ఒక పూలుగ చేరి, వచ్చినదానిని పనిని బట్టి పంచుకొనిరి. పుటకు రెండు నాణెముల చొప్పున ఈ యంత్రపు దినసరి భాగము సుమారు 0.0023 నాణెము. నాణెము ధర 2021 నవంబరులో 4,800 డాలర్లు దాటినపుడు అది 830 రూపాయలకు పైగ నుండెడిది. 2022 జూన్‌లో ధర వెయ్యి డాలర్ల దిగువకు పడినపుడు అదే పనికి సుమారు 180 రూపాయలు. రుసుముల రూపమున కొంత కలిసినను, విద్యుత్తుకే చాలీచాలని స్థితి. పైగా ధర పెరిగినప్పుడెల్ల క్రొత్తవారు చేరుదురు, ప్రతివాని వంతును తగ్గును. పుటల సంఖ్య మాత్రము పెరుగదు.

2022 సెప్టెంబరు 15న ఇథీరియమ్ ఈ పాచికల పద్ధతినే మానుకొనెను. పుట వ్రాయు హక్కు అప్పటినుండి నాణెములను పూచీగా ఉంచినవారికి పోయినది. ఆ చిట్టాకు అగు విద్యుత్తు నూటికి 99.9 పాళ్ళకు పైగ తగ్గెను. ఇండ్లలోని చట్రములన్నియు ఒక్క దినములో పని కోల్పోయినవి. ఇథీరియమ్ క్లాసిక్, రేవెన్‌కాయిన్ వంటి చిన్న చిట్టాలకు అందరును ఒక్కుమ్మడిగ ఎగబడగా వానిలోని వంతులు నామమాత్రమైనవి. మన దేశములో దీనికి ముందే, 2022 ఏప్రిల్ 1 నుండి, ఇట్టి నాణెముల లాభముపై నూటికి 30 వంతుల పన్ను అమలునకు వచ్చెను. మైనింగునకు వాడిన యంత్రసామగ్రి ఖర్చును నాణెము కొన్న ఖర్చుగ లెక్కింప వీలులేదని ప్రభుత్వము పార్లమెంటులో తెలిపెను.

ఆ కార్డులు వేలకొలది పాతసరుకుగ అంగళ్ళకు వచ్చినవి. వానిని కొనువారు చూడవలసినవి కొన్ని కలవు. తక్కువ వోల్టేజిలో నడచిన చిప్పు సాధారణముగ చెడదు. అరుగునవి ఫ్యాను బేరింగులు, ఎండిపోవునవి మెమరీ చిప్పులపై వేడిని గ్రహించు మెత్తని పట్టీలు. కొందరు మెమరీ వేగము కొరకు కార్డులోని బయాస్‌ను మార్చియుందురు. దానిని తిరిగి అసలుదానితో నింపి, అరగంట సేపు బరువైన ఆట యొకటి నడిపి, తెరపై చుక్కలు గాని గీతలు గాని కనబడునేమో, ఫ్యాన్లు గరగరలాడునేమో చూచిన పిమ్మట డబ్బు చెల్లించుట మంచిది.