మిల్లు మూతబడిన తరువాత

సంతలో తువ్వాలు కొనునప్పుడు అది ఏ ఊరిలో నేసినదో మనము అడుగము. ధర తక్కువా, గుడ్డ మన్నునా అని మాత్రమే చూచెదము. అమెరికాలోను అట్లే జరిగినది. చైనా, పాకిస్తాను, మన భారతదేశము నుండి చౌక తువ్వాళ్లు, దుప్పట్లు అక్కడి అంగళ్లకు చేరినవి. కొన్నవారికి నాలుగు డబ్బులు మిగిలినవి. అక్కడ నేసిన వారికి మాత్రము పని లేకపోయినది.

ఉత్తర కరొలీనా రాష్ట్రములో కన్నాపొలిస్ అను పట్టణమున్నది. 1906లో కానన్ అను వ్యాపారి కొన్న పొలములలో మిల్లు వెలసి, దాని చుట్టు ఊరు పెరిగినది. చాలా కాలము వరకు కార్మికుల ఇండ్లు కూడ మిల్లువే. తాత చేసిన పనినే తండ్రి, తండ్రి చేసిన పనినే కొడుకు చేసిన కుటుంబములు అక్కడ ఎన్నో. చేతులు మారుచు చివరకు పిల్లోటెక్స్ అను పేరు పొందిన ఆ కంపెనీ 2003 జూలై 30న మూతబడినది. ఆ రాష్ట్రములోనే నాలుగు వేల మందికి పైగా ఒక్కసారిగా పని పోయినది. అంతటి దెబ్బ ఆ రాష్ట్రము అంతకు ముందు చూడలేదు. వారిలో చాలా మంది నడివయస్సువారు. హైస్కూలు చదువు ముగించనివారు ఎందరో.

ఇట్టివారి కొరకే ఆ దేశములో ఒక చట్టమున్నది. 1962లో ప్రెసిడెంటు కెన్నెడీ సుంకములు తగ్గించు చట్టముపై సంతకము చేసినప్పుడు ఈ సహాయమును కూడ అందులో చేర్చిరి. వ్యాపారము వలన దేశమంతటికి లాభము కలిగినప్పుడు, నష్టమును కొద్దిమంది కార్మికులే మోయుట న్యాయము కాదన్నదే దాని భావము. మాట మంచిదే గాని నిబంధనలు ఎంత బిగువుగా ఉండెననగా, 1969 వరకు ఒక్క కార్మికుల అర్జీ కూడ ఆమోదము పొందలేదు. 1974లో చట్టమును సడలించిన తరువాతనే సహాయము ఎక్కువమందికి అందినది.

దాని పద్ధతి ఇట్లుండెను. పని పోయిన ముగ్గురు కార్మికులు కలిసి గాని, వారి యూనియను గాని, యజమాని గాని కార్మిక శాఖకు అర్జీ పెట్టవలసియుండెను. దిగుమతులే ముఖ్య కారణములలో ఒకటని శాఖ విచారించి నిర్ణయించినచో, ఆ మిల్లువారందరు అర్హులగుచుండిరి. క్రొత్త పని నేర్చుకొనుటకు ఫీజులు ఇచ్చుచుండిరి. మామూలు నిరుద్యోగ భృతి ముగిసిన పిమ్మట, శిక్షణలో ఉన్నవారికి మరి కొంత కాలము భృతి ఇచ్చుచుండిరి. పని వెదకుటకు, వేరే ఊరికి కాపురము మార్చుటకు కొంత ఖర్చు ఇచ్చుచుండిరి. 2002లో మరి రెండు మేళ్లు చేర్చిరి: ఆరోగ్య బీమా ఖర్చులో 65 శాతము పన్ను రాయితీ, 50 ఏండ్లు దాటినవారు తక్కువ జీతపు పనిలో చేరినచో, తగ్గిన జీతములో సగము కొంత కాలము ప్రభుత్వము ఇచ్చుట.

కన్నాపొలిస్ కార్మికులు అనేకులు దగ్గరలోని కాలేజీలో చేరి, నెరిసిన తలలతో మరల పలకా బలపము పట్టినట్లు చదువుకొనిరి. అందరికి మంచి పనులు దొరకలేదు. 2012లో వెలువడిన ఒక ప్రభుత్వ పరిశీలనలో, నాలుగేండ్ల తరువాత కూడ సహాయము పొందినవారి రాబడి అట్టి ఇతర కార్మికుల రాబడి కంటె తక్కువగానే ఉన్నట్లు తేలినది. తరువాత వచ్చిన మరియొక పరిశోధన, ఎక్కువ ఏండ్లు లెక్కించినచో శిక్షణ మేలే చేసినదని చెప్పినది. మా తలంపున రెండింటిలోను సత్యమున్నది. ఇరువది ఏండ్లు మగ్గమునకు అలవాటుపడిన చేయి ఆరు నెలలలో మరియొక పనికి అలవాటుపడదు.

విచారకరమైన సంగతి ఏమనగా, పార్లమెంటువారు గడువు పొడిగించనందున 2022 జూలై 1 నుండి క్రొత్త అర్జీలను ఆమోదించు అధికారము శాఖకు లేకపోయినది. అంతకు ముందు ఆమోదము పొందినవారికే సహాయము కొనసాగినది. అటు తరువాత మిల్లు మూతబడినవారు అదే కష్టములో ఉండియు ఆ తలుపు తట్టలేకపోయిరి.

ప్రియ చదువరులారా, ఇది దూరదేశపు కథ అని త్రోసివేయకుడి. మన పిల్లలును మిల్లులకు, ఫ్యాక్టరీలకు పోవుచున్నారు. వారి నియామకపు కాగితము, జీతపు చీటీలు, ప్రావిడెంట్ ఫండ్ నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు ఇంటిలో ఒకచోట భద్రపరచుడి. పని పోయిన దినమున సిగ్గుపడి ఇంట కూర్చుండక, తోడివారితో కలిసి రావలసినది అడుగుడి. ముగ్గురు కలిసి వ్రాసిన అర్జీకి ఉన్న బలము ఒక్కని మొరకు ఉండదు. మన సంఘములలో చదువు వచ్చినవారు అట్టి కుటుంబమునకు ఒక సాయంకాలము కూర్చుండి దరఖాస్తు వ్రాసి పెట్టినచో, అదియు గొప్ప పరిచర్యయే.