కాలవలో వేసిన కవరు ఎక్కడికి పోతుంది?

మా తెనాలిలో ఊరి మధ్యనుంచే కాలవలు పారతాయి. అటు బాపట్ల, ఇటు రేపల్లె వాళ్లకీ కృష్ణ నీళ్లే ఆధారం. కాలవలు కట్టేసేలోపు చెరువులు నింపుకుని వేసవంతా అవే తాగుతాం. మళ్లీ మనమే పూజ పూలు కవరుతో సహా కాలవలోకి విసురుతాం. 'పారే నీళ్లేగా, పోతుందిలే' అనుకుంటాం.

పోయింది ఎక్కడో చేరాలిగా! అలా చేరితే ఏమవుతుందో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. బుడమేరు బెజవాడ మురుగును, తమ్మిలేరు ఏలూరు మురుగును తెచ్చి అందులో కలుపుతాయి. వరి చేల ఎరువులు, పురుగుమందులు, చేపల చెరువుల మురుగునీరు వీటికి తోడు. ఇన్ని వచ్చి చేరే సరస్సుకి సముద్రంలోకి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎరువుల బలంతో గుర్రపుడెక్క అల్లుకుపోతుంది. అది కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి.

1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లు కొట్టించారు. తర్వాత మళ్లీ చాలాచోట్ల గట్లు లేచాయి. కైకలూరు వైపు మా చుట్టాలున్నారు. చుట్టూ నీళ్లే, అయినా తాగడానికి టిన్నులు కొంటారు. ఆ బిందె బరువు, ఖర్చు లెక్క ఎవరి మీద పడతాయో ఆడవాళ్లకి వేరే చెప్పాలా?

'కాచి తాగుతున్నాంగా' అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి గానీ పురుగుమందు పోదు. ప్లాస్టిక్ కుళ్లదు. ఎండకి పొడిపొడిగా విరిగి, చేప కడుపులోకి చేరుతుంది.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్ట్రాలు నిషేధం. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని సంచులూ వాడకూడదు. చట్టం సరే, వంటింటి నుంచి మనమేం చేయగలం?

బజారుకి గుడ్డసంచి, చేపలకి స్టీలు డబ్బా పట్టుకెళ్లండి. పూజ పూలు మొక్కల మొదట్లో వేయండి. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బా కాలవలో కడగనివ్వద్దు. మూడుసార్లు తొలిపి, ఆ నీళ్లు స్ప్రేయర్లోనే పోయించండి. డబ్బాకి చిల్లులు పొడిపించండి. ఖాళీ డబ్బా బాగుంది కదాని పప్పులు పోసుకోవడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇంకో మాట. మీ వీధి మురుగు ఏ కాలవలో కలుస్తోందో ఒకసారి చూడండి. నలుగురూ కలిసి మున్సిపాలిటీకి వెళ్లి అడగండి. తాగేది మన పిల్లలే కదా!