'అక్బర్' అంటే గొప్పవాడా, అందరికంటే గొప్పవాడా?

అజాన్ వినిపించినప్పుడు పక్కింటివాళ్లు "అల్లాహు అక్బర్ అంటే ఏంటండీ?" అని అడుగుతారు. "దేవుడు గొప్పవాడు అని" అంటాం. జవాబు తప్పు కాదు గానీ, అందులో ఒక ముఖ్యమైన మాట మిగిలిపోయింది. అదేంటో తెలియాలంటే మన ఇళ్లలో వినిపించే భాషలు పోలికను ఎలా చెబుతాయో చూడాలి.

తెలుగులో "సలీం కంటే అహ్మద్ పెద్ద" అంటాం. ఉర్దూలో "అహ్మద్ సలీం సే బడా హై" అంటాం. 'పెద్ద', 'బడా' ఏమీ మారలేదు. ఎవరితో పోలుస్తున్నామో ఆ పేరు పక్కన 'కంటే', 'సే' చేరాయి, అంతే. "అందరికంటే పెద్ద", "సబ్ సే బడా" కూడా ఇదే పద్ధతి.

ఇంగ్లీషులో మాటే మారుతుంది: బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్. పెద్ద మాటలకైతే ముందు 'మోర్' పెడతారు. పిల్లలు "మోర్ బిగ్గర్" అన్నారంటే రెండు పద్ధతులూ కలిపేశారన్నమాట. ఒకటి చాలని చెబితే సరిపోతుంది.

అరబీలో కూడా మాటే మారుతుంది. కబీర్ అంటే పెద్ద, అక్బర్ అంటే ఇంకా పెద్ద. సగీర్ నుంచి అస్గర్, కరీం నుంచి అక్రం, షరీఫ్ నుంచి అష్రఫ్ వచ్చాయి. అక్బర్‌కి స్త్రీ రూపం కుబ్రా, అస్గర్‌కి సుగ్రా. మన చుట్టాల పేర్లలోనే ఈ వ్యాకరణమంతా ఉంది!

అరబీలో 'కంటే' అనడానికి 'మిన్' వాడతారు. "అల్లాహు అక్బర్"లో 'మిన్' లేదు. దేనికంటే అని హద్దు పెట్టలేదు కాబట్టి అన్నిటికంటే అని అర్థం చేసుకుంటాం. తెలుగులో 'గొప్ప' అన్న మాట మారదు కాబట్టి "అన్నిటికంటే గొప్పవాడు" అని విప్పి చెప్పాలి. మన జవాబులో మిగిలిపోయింది ఆ 'కంటే'నే.

ఇంట్లో కూడా ఈ 'కంటే' విలువ గుర్తుంచుకోవాలి. విశాఖ పోర్టు 1933లో మొదలైంది. స్టీల్ ప్లాంట్‌కి శంకుస్థాపన జరిగింది 1971లో. కాబట్టి ప్లాంట్ పోర్టుకంటే కొత్తది. అలాగని దాన్ని కొత్త ప్లాంట్ అంటామా? అనం. పోలిక ఇద్దరి మధ్య తేడా చెబుతుంది తప్ప, ఎవరు ఎలాంటివారో చెప్పదు. 95 వచ్చిన పిల్లాడి పక్కన 90 వచ్చిన మన పిల్లకి "వాడికంటే తక్కువ" అంటాం. ఆ చెవిలో 'కంటే' జారిపోయి 'తక్కువ' ఒక్కటే మిగులుతుంది. 90 తక్కువ మార్కులా? అనేముందు ఒక్కసారి ఆలోచించండి.