పలక మీద రెండు సినిమాలు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా వసారాలో చాప పరుస్తాను. గిద్దలూరు, కంభం నుంచి వచ్చే పిల్లలు మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలు దిగి, ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. కొందరిది డిగ్రీ ఆఖరు సంవత్సరం, కొందరిది అయిపోయింది. అందరికీ సినిమా చదువుకోవాలని ఉంది. 1960లో పుణెలో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, 1995లో కోల్‌కతాలో సత్యజిత్ రాయ్ పేరున పెట్టిన సంస్థలోనో సీటు రావాలని ఆశ. నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ని. సినిమా తీయడం నాకు రాదు. చూసినదాన్ని రాతలో పెట్టడం ఎలాగో మాత్రం చెప్పగలను. వాళ్లు నా దగ్గరికి వచ్చేది దానికే.

వచ్చినవాళ్లకు నోటుపుస్తకం కంటే ముందు పలక ఇస్తాను. మార్కాపురంలో పలకలకు కొదవేముంది? మా చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయి మీదే ఒకప్పుడు ఎన్నో ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దారు. పలక మధ్యలో బలపంతో నిలువుగా ఒక గీత గీయమంటాను. గీతకు ఎడమ పక్క ఒక సినిమా, కుడి పక్క ఇంకొకటి. ఎడమ పక్క ఏదైనా రాస్తే దానికి ఎదురుగా కుడి పక్క కూడా ఏదో ఒకటి పడాలి. పడకపోతే ఎడమవైపుది తుడిచేయాలి. పుస్తకంలో రాసినదాన్ని కొట్టేయడానికి పిల్లలకు మనసొప్పదు. పలకైతే అరచేత్తో తుడిచేస్తారు.

పరీక్షలో ‘ఈ రెండు సినిమాలను పోల్చండి’ అని అడిగితే చాలామంది మొదటి సినిమా కథ రెండు పేజీలు, రెండో సినిమా కథ రెండు పేజీలు రాసి, చివర ‘దేనికదే గొప్ప’ అని చేతులు దులుపుకుంటారు. పేపరు దిద్దేవాళ్లకు ఆ కథలు ముందే తెలుసు. ఈ పిల్ల కన్ను ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నదే వాళ్లు వెతుక్కునేది.

ముందు జత కుదరాలి. ఇది సంబంధం చూడటం లాంటిదే. అన్నీ కలిస్తే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు, ఏదీ కలవకపోతే మాటే సాగదు. పిల్లలు మొదట తెచ్చే జత ‘దేవదాసు’. 1953లో వేదాంతం రాఘవయ్య తీసింది ఒకటి, 1955లో హిందీలో బిమల్ రాయ్ తీసింది ఇంకొకటి. రెండూ శరత్ నవల నుంచే వచ్చాయి. జత మంచిదే కానీ మొదటిసారికి వద్దంటాను. కథ ఒకటే కావడంతో ‘ఇక్కడ ఇది ఉంది, అక్కడ లేదు’ అని తేడాల పట్టీ రాసేసి పని అయిపోయిందనుకుంటారు. అభిమాన హీరో సినిమాలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. తేవద్దని నేను అనను. నచ్చడం మంచి మొదలే. ఏ షాట్ దగ్గర నచ్చిందో పలక మీద పెట్టమంటాను.

నేనిచ్చే మొదటి జత బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ (1953), తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955). రెండూ భూమి గురించినవే, రెండింటిలోనూ రైతుకూ పెత్తందారుకూ పోరు. హిందీ సినిమాలో శంభు అనే చిన్న రైతు అప్పు తీర్చి పొలం దక్కించుకోవాలని కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. తెలుగు సినిమాలో రైతులు ఊళ్లోనే ఉండి, కలిసికట్టుగా నిలబడి గెలుస్తారు. ఇక్కడిదాకా కథే, ఎవరైనా చెబుతారు. మేము ఆగేది పాటల దగ్గర.

కరువు తర్వాత వాన పడితే శంభు ఊరంతా తడుస్తూ పాడుకునే పాట ఒకటుంది, సలీల్ చౌదరి సంగీతం. ‘రోజులు మారాయి’లో కొసరాజు రాసిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ నర్తించింది. రెంటినీ మూడేసిసార్లు చూస్తాం. మొదటిసారి మామూలుగా. రెండోసారి శబ్దం తీసేసి, కట్ పడినప్పుడల్లా పలక మీద ఒక గీత. అప్పుడు వసారాలో బలపాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. లెక్క ఒకరికీ ఒకరికీ కలవదు, మళ్లీ చూడాల్సిందే. మూడోసారి తెర వైపు చూడకుండా వినడం.

అర్ధవీడు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మూడోసారి విన్నాక అంది: “సార్, ఆ పాట రైతులే పాడుకుంటున్నారు. ఈ పాట రైతును పిలిచి ఇంకొకరు పాడుతున్నారు.”

ఆ రోజంతా ఆ ఒక్క మాట మీదే కూర్చున్నాం. రైతు తానే పాడితే కెమెరా ఎవరి మీద ఉండాలి? రైతును పిలిచి పాడితే ఎవరి మీద? ఒకచోట గుంపులో మనమూ తడుస్తున్నట్టుంటుంది. ఇంకోచోట మన కన్ను నర్తకిని వదలదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచీ నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ప్రాంతం మాది. వాన పాటలో ఏముందో ఈ పిల్లలకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

సినిమా వచ్చిన కాలాన్ని కూడా చూడాలి, కానీ పనికొచ్చినంత మేరకే. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రంలో శాసనసభ ఎన్నికలు జరిగాయి, భూమి సంగతి అప్పుడు ఊరూరా నలిగింది. ఏప్రిల్‌లో ‘రోజులు మారాయి’ వచ్చింది. రైతులు గెలిచే ముగింపు ఆ గాలిలో పుట్టిందని రాస్తే దానికో అర్థం ఉంది. బిమల్ రాయ్ 1952 అంతర్జాతీయ చిత్రోత్సవంలో ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ చూశాడు, బలరాజ్ సాహ్నీ కలకత్తా వీధుల్లో రిక్షా లాగడం నేర్చుకున్నాడు. రిక్షా పరుగు సీను గురించి రాస్తున్నప్పుడు ఈ రెండు ముక్కలూ అక్కరకొస్తాయి. ముందు పోయే బండిని అందుకోమని బేరం మనిషి డబ్బు పెంచుతుంటాడు, శంభు వేగం పెంచుతుంటాడు, చివరికి చక్రం ఊడిపోతుంది. సీను ఊసు లేకుండా సాహ్నీ సాధన గురించి రాస్తే అది వట్టి సమాచారం.

ఆ అమ్మాయే తర్వాతి వారం ముగింపుల మీద రాసుకొచ్చింది. ‘దో బీఘా జమీన్’ చివర శంభు పొలంలో ఫ్యాక్టరీ లేస్తుంటుంది. అతను, భార్య, కొడుకు కంచె బయట నిలబడతారు. పిడికెడు మట్టి తీసుకోబోతే కాపలావాడు అదీ వదిలేయమంటాడు. అమ్మాయి మొదటి వాక్యం ఇలా ఉంది: ‘రెండు సినిమాలూ రైతు కష్టాలను చక్కగా చూపించాయి.’ కొట్టేయించాను, ఆ వాక్యం ఏ రెండు రైతు సినిమాలకైనా సరిపోతుంది. కాసేపు ఆగి తనే చెప్పింది: “మా నాయన బెంగళూరులో అపార్ట్‌మెంట్ల పనికి పోతాడు సార్. కట్టడం అయినాక ఆ గేటు లోపలికి ఆయన్ని రానీరు.”

ఆ మాట ఇంటర్వ్యూకు దాచుకోమన్నాను. పేపరులో కంచె గురించి రాయమన్నాను. మనల్ని ఆ కంచెకు ఏ పక్కన నిలబెట్టారు? ‘రోజులు మారాయి’ చివర మనం ఎవరి మధ్య ఉన్నాం? ఆమె కొత్త వాక్యం ఇది: ‘ఒక సినిమా రైతును పొలంలో వదిలి ముగుస్తుంది, ఇంకోటి పొలం బయట వదిలి ముగుస్తుంది, రెండు పాటలూ ఈ ముగింపుల కోసమే ముందు నుంచీ సిద్ధమవుతున్నాయి.’ దాన్ని నిలబెట్టడానికి మూడు పేరాలు చాలు. ప్రతి పేరాలోనూ రెండు సినిమాలూ ఉండాలి. గంట టైము ఉంటే మొదటి పది నిమిషాలు కలం కదపవద్దు.

మీ ఇంట్లో సినిమా చదువుతానంటున్న పిల్లలుంటే కసురుకోకండి. ఈ రెండు పాటలు పక్కపక్కన పెట్టి చూపించి, ఏం కనిపించిందో అడగండి. చెప్పింది పూర్తిగా వినండి. పలక లేకపోతే తెల్లకాగితమైనా చాలు, మధ్యలో గీత మాత్రం గీయించండి.