పండుగ వంటింటి పొదుపు: అపోహలు, వాస్తవాలు

ధనుర్మాసం సగం గడిచేసరికి తెలుగు ఇళ్ళలో మూడు పనులు ఒకదాని వెంట ఒకటి మొదలవుతాయి: అటక మీది పాత సామాను దించి ఇల్లు సర్దుకోవడం, కొత్త పంట చేతికి రాగానే బియ్యం, పప్పులు నిల్వ చేసుకోవడం, సంక్రాంతికి అరిసెలు, సకినాలు, జంతికలు వంటి పిండి వంటలు వండుకోవడం. ఈ మూడింటికీ ఆధారం పొదుపే అయినా, ఆ పొదుపు చుట్టూ అల్లుకున్న నమ్మకాలలో కొన్ని నాలుగు రూపాయలు మిగిల్చినట్టే కనిపించి ఒంటికి చేటు తెస్తాయి, మరికొన్ని ఇంకా పనికొచ్చే వస్తువును ముందే పారవేయిస్తాయి. ఏ వస్తువు ఏ పనికి, ఎంతకాలం పనికివస్తుందో ఎరిగి వాడుకోవడమే పొదుపు కనుక ఈ నమ్మకాలను ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

పాతదంతా భోగి మంటకే

ఇంట్లో పనికిరాని సామానంతా భోగి నాడు మంటలో వేయడం ఆచారమని చాలామంది నమ్ముతారు. ఆ ఆచారం స్థిరపడిన కాలంలో ఇంట్లో పాతబడేవి మరమ్మతుకు లొంగని కొయ్య సామాను, ఎండు కొమ్మలు, తాటాకులు, చిరిగిన చాపలు మాత్రమేనని, వాటికి తోడుగా పడేవి పిల్లలు దండలు గుచ్చిన పేడ పిడకలని గుర్తుంచుకుంటే, నేటి ప్లాస్టిక్ కుర్చీలకు, ఫోమ్ పరుపులకు, టైర్లకు, రంగు వేసిన ప్లైవుడ్‌కు ఆ ఆచారంలో చోటు లేదని తేలిపోతుంది. కరెంటు తీగల తొడుగులకు, గొట్టాలకు వాడే పీవీసీ అనే ప్లాస్టిక్ కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో పాటు డయాక్సిన్లు, అంటే కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి శరీరంలో నిలిచిపోయే విష రసాయనాలు వెలువడతాయి. జనవరి తెల్లవారుజామున నేలను అంటుకొని ఉండే చల్లగాలి పొగను పైకి పోనివ్వదు కాబట్టి, ఆ పొగ మంట చుట్టూ చలి కాచుకునే పిల్లల, వృద్ధుల ఊపిరితిత్తులలోకే చేరుతుంది. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి, మామూలుగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. పిడకలతో, ఎండు కట్టెలతో వేసిన మంట ఆచారానికి ఏ లోటూ చేయదు. మిగిలిన సామానుకు తగిన చోటు పాత ఇనుము, ప్లాస్టిక్ కొనేవారి బండి.

వడకడితే నూనె కొత్తదే

పిండి వంటల ఖర్చులో నూనెది పెద్ద వాటా కావడం వల్ల, వేయించగా మిగిలిన నూనెను వడకట్టి మళ్ళీ మళ్ళీ మూకుట్లో పోయడం పొదుపుగా చెలామణి అవుతోంది. వడకట్టడం వల్ల అడుగున మాడిన పిండి నలుసులు పోతాయే తప్ప నూనెలో అప్పటికే జరిగిన మార్పు వెనక్కు మళ్ళదు. సుమారు 170 నుంచి 180 డిగ్రీల వేడిలో మూడు చర్యలు ఒకేసారి సాగుతాయి: పిండిలోని తడి నూనె అణువులను విడగొట్టి కొవ్వు ఆమ్లాలను విడుదల చేస్తుంది, గాలిలోని ఆక్సిజన్ నూనెను పాడు చేస్తుంది, అలా పాడైన అణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని నూనెను జిగటగా మారుస్తాయి. ఈ మార్పుల వల్ల పుట్టే పదార్థాలను కలిపి మొత్తం ధ్రువ సమ్మేళనాలు అంటారు. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై 1 నుంచి అమలులో ఉంది. ఇంట్లో ఈ శాతాన్ని కొలిచే సాధనం ఉండదు గనుక కంటికి, ముక్కుకు అందే గుర్తులపైనే ఆధారపడాలి: పిండి వేయగానే నూనె పెద్ద బుడగలకు బదులు సన్నని నురగతో పొంగడం, చల్లారాక గరిటెకు జిగురుగా అంటుకోవడం, తక్కువ సెగకే పొగలు రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ నూనె పని అయిపోయినట్టే. పాత నూనెలో కొత్త నూనె కలిపితే పాతది బాగుపడుతుందన్నది ఇంకా బలమైన అపోహ. నిజానికి పాత నూనెలోని పదార్థాలు కొత్త నూనె చెడిపోవడాన్ని వేగిరపరుస్తాయి.

ఇందుకు పూర్తిగా ఎదురైన అపోహ కూడా ఒకటుంది: ఒక్కసారి కాగిన నూనె ఇక విషమేనని, దాన్ని వెంటనే పారబోయాలని. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆహార మార్గదర్శకాలు అంత దూరం పోలేదు. ఒకసారి వేయించడానికి వాడిన నూనెను వడకట్టి కూరలకు వాడుకోవచ్చని, అయితే మళ్ళీ వేపుళ్ళకు వాడకుండా ఒకటి రెండు రోజుల్లోనే ముగించాలని అవి సూచిస్తాయి. అసలు పొదుపు మూకుడు పెట్టకముందే మొదలవుతుంది. వెడల్పు మూకుడుకు బదులు ఇరుకుగా, లోతుగా ఉన్న పాత్ర తీసుకుంటే తక్కువ నూనె సరిపోతుంది. బెల్లం కారే అరిసెలు నూనెను త్వరగా నల్లబరుస్తాయి కనుక జంతికలు, సకినాలు ముందు వేయించి, అరిసెలు చివరకు ఉంచుకుంటే ఆ నూనెతోనే పండుగ వంట గడిచిపోతుంది.

వేయించిన వాటిని పాత దినపత్రికల మీద ఆరబెట్టడం ఈ తప్పు పొదుపులో మరో ముఖం. ముద్రణ సిరాలో రంగులు, ద్రావకాలు ఉంటాయి, కొన్నింటిలో సీసం కూడా ఉండవచ్చు. వేడి నూనె తగిలితే అవి కరిగి తినే పదార్థంలోకి చేరతాయి. 2016 డిసెంబరులో ఆహార భద్రత సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేయగా, 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు తినుబండారాలను దినపత్రికలలో చుట్టడాన్ని, నిల్వ చేయడాన్ని నిషేధించాయి. పూర్వం వాడిన చిల్లుల పళ్ళేన్ని ఒక గిన్నె మీద బోర్లిస్తే కాగితం పీల్చుకొనిపోయే నూనె గిన్నెలోకి దిగి, కూరకు పనికివస్తుంది.

పొడి పిండి, నెలల నిల్వ

బజారులో దొరికే పొడి బియ్యప్పిండితో అరిసెలు చేస్తే శ్రమ కలిసివస్తుందన్న నమ్మకం చివరకు నష్టమే తెస్తుంది. అరిసెకు తడి పిండి కావాలి: బియ్యం కనీసం ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి, బట్ట మీద పరిచి, చేతికి చెమ్మ తెలుస్తుండగానే మర పట్టించి జల్లించాలి. ఆ చెమ్మ ఉన్న పిండి బెల్లం పాకాన్ని సమంగా పట్టుకొని మెత్తని చలిమిడి అవుతుంది. పొడి పిండి పాకంలోని నీటిని లాగేసుకోవడంతో అరిసె నూనెలో పగులుతుంది, ఆరాక రాయిలా గట్టిపడుతుంది. పాకం అదనుకు వచ్చిందని తెలుసుకునే పద్ధతి ఇప్పటికీ పాతదే: ఒక చుక్కను నీళ్ళ పళ్ళెంలో వేసి వేళ్ళతో కూడదీస్తే కరగకుండా మెత్తని ఉండ కట్టాలి. వేగిన అరిసెను రెండు చెక్కల మధ్య అదిమితే కారే నూనె తిరిగి మూకుట్లోకే పోతుంది, నూనె తక్కువ మిగిలిన అరిసె ఎక్కువ రోజులు నిలుస్తుంది. వంటగత్తెల ఈ నేర్పులో పొదుపు, రుచి, నిల్వ మూడూ కలిసి ఉన్నాయి.

అలా చేసిన పిండి వంట ఎన్ని నెలలైనా చెడిపోదన్న ధీమా మాత్రం సగమే సత్యం. బెల్లం నీటిని పట్టి ఉంచడం, వేపుడు తడిని పోగొట్టడం వల్ల సూక్ష్మజీవులకు కావలసిన నీరు దొరకదు కాబట్టి బూజు పట్టదు. నూనె మాత్రం గాలికి, వెలుతురుకు మారుతూనే ఉంటుంది. డబ్బా మూత తీయగానే పాత నూనె వాసన తగిలితే బూజు లేకపోయినా అది తినదగినది కాదు. పొరుగువారికి, బంధువులకు పంచడం ఆనవాయితీ అయిన పండుగలో నెలలకు సరిపడా వండుకోవలసిన అవసరమూ లేదు.

బెల్లమైతే ఎంత తిన్నా ఫరవాలేదు

చక్కెర చేటు, బెల్లం మేలు అన్న విభజన వల్ల మధుమేహం ఉన్నవారు సైతం బెల్లం పిండి వంటలను నిస్సంకోచంగా తింటున్నారు. బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే. వంద గ్రాముల చక్కెర సుమారు 400 కిలో కేలరీల శక్తి ఇస్తే, బెల్లం 350 నుంచి 385 వరకు ఇస్తుంది. ఇనుము ఉన్న మాట నిజమే అయినా, ఒక అరిసెలో పడే పాతిక గ్రాముల లోపు బెల్లంతో వచ్చేది సుమారు ఒక మిల్లీగ్రాము మాత్రమే. రోజువారీ శక్తిలో విడిగా కలిపిన చక్కెరల వాటా పది శాతం దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన 2,000 కిలో కేలరీలు తినే మనిషికి సుమారు 50 గ్రాములవుతుంది. ఆ లెక్కలోకి బెల్లమూ వస్తుంది.

వేడి చేస్తే మిగిలిన అన్నం శుభ్రమే

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక భారతీయ ఇళ్ళలో తలసరి ఏటా సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. అందులో చాలా భాగం కాపాడుకోదగినదే అయినా, మిగిలిన అన్నం విషయంలో రెండు అపోహలు ఎదురెదురుగా నిలిచాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం విషమన్నది ఒకటి, ఎంతసేపు బయట ఉన్నా మళ్ళీ వేడి చేస్తే చాలన్నది రెండవది. వీటిలో రెండవది ప్రమాదకరం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తులు అన్నం ఉడికినా చావవు. గది వేడిలో అవి మొలకెత్తి తయారుచేసే వాంతుల విషం తిరిగి కాచినా విరగదు. అందుచేత వెడల్పు పళ్ళెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో చేర్చిన అన్నం మరునాటి పులిహోరకు నిరపాయమైనది. నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి రాత్రంతా ఉంచే చద్దన్నం పద్ధతి వేరు: అక్కడ లాక్టిక్ ఆమ్లం పుట్టి పులుపు పెరగడం వల్ల ఇతర సూక్ష్మజీవుల ఎదుగుదలకు అడ్డు పడుతుంది, పులియని, నీరు పోయని అన్నానికి ఆ రక్షణ వర్తించదు.

టోకుగా కొంటే ఎప్పుడూ లాభమే

కొత్త కంది డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య చేతికి వస్తుంది కనుక సంక్రాంతి నాటికి కందిపప్పు కొనడం సమంజసమే. బాగా ఎండబెట్టి, కాస్త ఆముదం పట్టించి, గాలి చొరని డబ్బాలో పోస్తే పప్పు పురుగును చాలావరకు ఆపవచ్చు. రవ్వ, మైదా, శనగపిండి వంటి మర పట్టిన సరుకులకు ఈ లెక్క వర్తించదు. పురుగు పట్టినా, వాసన వచ్చినా ఆదా అయిన సొమ్ముకు మించిన నష్టం వస్తుంది. వాటిని రెండు మూడు వారాలకు సరిపడా తెచ్చుకోవడమే మేలు. ఇక ప్యాకెట్ల మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉండే తేదీ సరుకు నాణ్యతకు సంబంధించినదే తప్ప, ఆ మరునాటి నుంచి అది విషమైపోతుందని కాదు. 'యూజ్ బై' లేదా 'ఎక్స్‌పైరీ' అన్న తేదీ దాటినదాన్ని మాత్రం నిస్సంకోచంగా తీసివేయాలి.

అటక మీది ఇత్తడి

ఇల్లు సర్దేటప్పుడు దిగివచ్చే ఇత్తడి గిన్నెల విషయంలో, పనికిరావని తూకానికి వేసేవారు ఒకవైపు ఉంటే, పాత పాత్రలో వంట ఆరోగ్యమని తోమి నేరుగా పొయ్యి మీద పెట్టేవారు మరొకవైపు ఉన్నారు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. చింతపండు పులుసు, పెరుగు, టమాటా వంటి పుల్లని పదార్థాలు రాగిని కరిగించి వంటలోకి తెస్తాయి, దాని వల్ల వాంతులు, కడుపు నొప్పి రావచ్చు. పూర్వులు ఈ సంగతి ఎరిగే లోపలి వైపు కళాయి, అంటే తగరపు పూత, వేయించుకున్నారు. తగరం 232 డిగ్రీల వద్దే కరుగుతుంది కాబట్టి కళాయి వేసిన గిన్నెను ఖాళీగా వేడెక్కనివ్వకూడదు, వేపుళ్ళకు వాడకూడదు. పప్పుకు, అన్నానికి, చారుకు అది నిక్షేపంలా పనికివస్తుంది. గిన్నె లోపల వెండి తళుకు పోయి పసుపు రంగు తొంగిచూసిన చోట కళాయి అరిగిపోయిందని గుర్తించి, మళ్ళీ పూత వేయించేవరకు దానిలో పుల్లనివి వండకుండా ఉండాలి. కళాయి వేసేవారు ఊళ్ళలో తగ్గిపోయినా, పెద్ద పట్టణాల పాత ఇత్తడి అంగళ్ళను అడిగితే జాడ తెలుస్తుంది.