ఓటుంది... విమానం టికెట్టే అడ్డం!

ఎన్నికలొస్తే చాలు, దుబాయ్ క్యాంపుల్లో, కువైట్ ఇళ్లలో, మస్కట్ సైట్లలో ఉన్న మనమంతా ఫోన్లకు అతుక్కుపోతాం. ఊళ్లో ఎవరు నిలబడ్డారు, గాలి ఎటు వీస్తోంది అని తెల్లవార్లూ వాదించుకుంటాం. మరి మన ఓటెక్కడ అంటే మాత్రం నీళ్లు నములుతాం.

నిజానికి మనకు ఓటు హక్కుంది. పరాయి దేశంలో పనిచేసే వారు ఊళ్లో సాధారణ నివాసులు కారంటూ ఒకప్పుడు జాబితాలో చోటిచ్చేవారు కాదు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి 20ఏ సెక్షన్ చేర్చారు. 2011లో అది అమల్లోకి వచ్చింది. వేరే దేశ పౌరసత్వం తీసుకోకుండా, 18 ఏళ్లు నిండిన వారెవరైనా పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం సొంత నియోజకవర్గంలో ఓటరుగా చేరవచ్చు.

మెలికంతా ఓటు వేసే దగ్గరే ఉంది. స్వయంగా బూత్‌కు వెళ్లి ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. రెండేళ్లకోసారి సెలవు దొరికే కూలీకి ఇది అయ్యే పనేనా? సైనికులకు, ఎంబసీ ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. మనకు లేదు. ప్రాక్సీ ఓటు బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటినా, 2019లో ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వొచ్చని 2020లో ఎన్నికల సంఘం ప్రతిపాదించింది. 2024 ఎన్నికల నాటికీ అది అమలు కాలేదు. మనం అడగాల్సింది ఇదే. ప్రాక్సీ అయితే మన ఓటు ఇంకొకరి చేతిలో పడుతుంది. పోస్టల్ బ్యాలెట్ అయితే మన చేతిలోనే ఉంటుంది.

2024 లోక్‌సభ ఎన్నికల లెక్క చూడండి. ప్రవాస ఓటర్లుగా నమోదైంది 1.19 లక్షల మంది. ఓటేసింది 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే. నమోదులోనూ వాళ్లదే సింహభాగం. ప్రవాసుల కోసం 1996లోనే ప్రత్యేక శాఖ పెట్టుకున్న రాష్ట్రం అది. ఓట్ల లెక్క ఉన్నచోటే నాయకుడు చెవి పెడతాడు.

మన కష్టాలు రెండు ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి. ఎంబసీ, వలస చట్టం కేంద్రానివి. తిరిగొచ్చాక బతుకుదెరువు చూపడం, చనిపోతే కుటుంబాన్ని ఆదుకోవడం రాష్ట్రం పని. గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం అందించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. ఏళ్ల తరబడి అడగ్గా వచ్చిందది. ఇద్దరినీ నిలదీయాలంటే జాబితాలో పేరుండాలి.

టికెట్ దొరకకపోయినా పేరు నమోదు చేయించుకోవడం మన చేతిలో పని. ఫారం 6ఏ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫొటో, పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు చాలు. ఇప్పటికే ఊళ్లో మామూలు ఓటరుగా పేరుంటే ఆ సంగతి దాచొద్దు. రెండుచోట్ల పేరుండటానికి చట్టం ఒప్పుకోదు. వచ్చే సెలవు రోజున రూములో నలుగురూ కూర్చుని ఫారాలు నింపండి. చదువు రాని సోదరుడికి చదివి చెప్పండి.